చుక్కాని చేతికొచ్చింది, పానా ఎవరి చేతిలో ఉంది?

(పత్తి, మిరప ప్రాంతాల మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



"స్త్రీలు - సాంకేతిక పరిజ్ఞానం" అనే విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. నేను పడవ గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాస్త ఆశ్చర్యపోయారు. పత్తి తీతలు, మిరప కోతలు, కూలి రేట్లు, పురుగుమందులు వదిలేసి పడవేమిటి అని వాళ్ళ సందేహం. అందులోనూ తెరచాప పడవ, అందులోనూ నౌకాదళం వాళ్ళది. మిలిటరీని పొగడటానికి మన వేదిక అక్కర్లేదు, నిజమే. నేను పొగడటానికి రాలేదు. ఆ పడవ మీద జరిగిన పనిలో మనకు పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. అది చెప్పాలనే వచ్చాను.

2017 సెప్టెంబరు 10న గోవా నుంచి 'తారిణి' అనే పడవలో ఆరుగురు స్త్రీలు బయలుదేరారు. పడవ పొడవు 55 అడుగులు. మనం కూర్చున్న ఈ హాలు ఈ చివర నుంచి ఆ చివరకు అంత ఉంటుందేమో. ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్, న్యూజిలాండ్‌లోని లిటిల్‌టన్, ఫాక్‌లాండ్ దీవుల్లోని పోర్ట్ స్టాన్లీ, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ రేవుల్లో ఆగుతూ భూమి చుట్టూ తిరిగి 2018 మే 21న మళ్ళీ గోవా చేరారు. మొత్తం 254 రోజులు. 21,600 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 40 వేల కిలోమీటర్లు. దారిలో గంటకు నూరు కిలోమీటర్లు మించిన గాలులు చూశారు. ఏడు మీటర్ల అలలు చూశారు. గడ్డకట్టే చలి చూశారు. నౌకాయానంలో అందరూ భయపడే దక్షిణ అమెరికా కొన, కేప్ హార్న్‌ను 2018 జనవరిలో దాటారు.

వాళ్ళ పేర్లు ఒకసారి చెప్పుకుందాం. మగవాళ్ళ పేర్లు వెంటనే గుర్తుంటాయి, ఆడవాళ్ళను 'ఆరుగురు వీరవనితలు' అని ఒక కట్టగా కట్టేస్తాం కదా! నాయకురాలు వర్తికా జోషి. మిగిలినవారు ప్రతిభా జమ్వాల్, పి. స్వాతి, ఎస్. విజయాదేవి, బొడ్డపాటి ఐశ్వర్య, పాయల్ గుప్తా. స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్యది హైదరాబాదు. తక్కిన నలుగురివీ సముద్రమే లేని రాష్ట్రాలు: ఉత్తరాఖండ్, హిమాచల్ ప్రదేశ్, మణిపూర్. ఆరుగురిలో సముద్రపు ఒడ్డు మనిషి స్వాతి ఒక్కరే. "మా వంశంలో లేదు, మాకు అలవాటు లేదు" అనే మాట మన సంఘాల్లో రోజూ వింటుంటాం, అందుకే ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

మనకైతే ఆ సాకు కూడా లేదు. మన నేలలో దొరికిన శాతవాహనుల నాణేల మీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మ ఉంది. చీరాల దగ్గర మోటుపల్లి కాకతీయుల కాలంలో పెద్ద రేవు. సముద్ర వ్యాపారులకు అభయమిస్తూ గణపతిదేవుడు వేయించిన శాసనం అక్కడే ఉంది. ఇప్పుడు మాత్రం వాడరేవు, కొత్తపట్నం, నిజాంపట్నం వైపు పల్లెపాలేల్లో ఆడవాళ్ళు చేపలు ఎండబెడతారు, గంపలెత్తి అమ్ముతారు, అప్పులు తెస్తారు, తీరుస్తారు. పడవ ఎక్కి వేటకు మాత్రం పోరు.

ఇక నౌకాదళం సంగతి. అక్కడ స్త్రీలను అధికారులుగా తీసుకోవడం 1992లో మొదలైంది. కానీ తారిణి బయలుదేరేనాటికి యుద్ధనౌకల మీద వాళ్ళకు ఉద్యోగాలు లేవు, పర్మనెంట్ కమిషన్ కూడా కొన్ని శాఖలకే. పెద్ద ఓడ ఎక్కనివ్వని వాళ్ళే 55 అడుగుల పడవలో ప్రపంచం చుట్టి రమ్మని పంపారు, చూడండి విచిత్రం! తర్వాత పర్మనెంట్ కమిషన్ కేసు సుప్రీంకోర్టులో తేలినప్పుడు, అంటే 2020 మార్చి 17న తీర్పు వచ్చేముందు, ప్రభుత్వం చెప్పిన కారణాల్లో ఒకటి ఏమిటో తెలుసా? రష్యా నుంచి కొన్న ఓడల్లో ఆడవాళ్ళకు స్నానాల గదులు లేవట. కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. పత్తి చేలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మంచినీళ్ళు కూడా తక్కువ తాగి పనిచేసే మన కూలీలకు ఈ కారణం కొత్తేమీ కాదు. మరుగుదొడ్డి కట్టకపోవడం వాళ్ళ తప్పు, పనికి రాకపోవడం మన తప్పు!

సరే, పడవ దగ్గరికి వద్దాం. అందరూ తుఫాను గురించి అడుగుతారు. పడవ నడిపేవాళ్ళకు నిజమైన పని తుఫానులో కాదు, మామూలు రోజుల్లో ఉంటుంది. అలాంటి పడవలో పొద్దున్నే ఒకరు ముందు నుంచి వెనక దాకా అంతా తిరిగి చూడాలి. తెరచాప కొయ్యను నిలబెట్టే ఇనుప తీగల్లో ఒక్క పోగు తెగినా చెయ్యి గుచ్చుకుంటుంది, అప్పుడే పట్టుకోవాలి. ఏ మేకు వదులైంది, ఏ నట్టు కదిలింది చూడాలి. బావి నుంచి నీళ్ళు తోడిన వాళ్ళకు తెలుసు, చేంతాడు ఎప్పుడూ గిలక మీద రాసుకునే చోటే అరుగుతుంది. పడవలో తాళ్ళదీ అదే తంతు. అందుకని తాడును అప్పుడప్పుడూ జానెడు జరుపుతారు, ఒకేచోట రాపిడి పడకుండా. గిలకలకు గ్రీజు పెట్టాలి. పడవ అడుగున చేరిన నీళ్ళు తోడాలి, ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కనిపెట్టాలి. బ్యాటరీ కొనలకు ఉప్పుగాలి పట్టకుండా చూసుకోవాలి. ఒడ్డుకు లాగినప్పుడు అడుగుకు పట్టిన గవ్వా పాచీ గీకి రంగు వేయాలి. తెరచాప చిరిగితే దింపి కూర్చుని కుట్టాలి.

కుట్టడం అనగానే మీలో కొందరు నవ్వుతున్నారు. అవును, మన సంస్థలకు స్త్రీల ఉపాధి అంటే ముందు గుర్తొచ్చేది కుట్టుమిషనే. నాకు కుట్టుపని మీద చిన్నచూపేం లేదు. నా ప్రశ్న వేరు. ఇన్నేళ్ళుగా మిషన్లు పంచాం, ఆ మిషను విప్పి, నూనె వేసి, దారం తెగుతుంటే ఎందుకు తెగుతోందో చూసి సరిచేయడం ఎంతమందికి నేర్పాం?

ఈ ఆరుగురినీ కూడా ఒక్కసారిగా సముద్రంలోకి తోయలేదు. 2009-10లో ఒంటరిగా భూమి చుట్టి వచ్చిన మొదటి భారతీయుడు దిలీప్ దోండే వీళ్ళకు శిక్షణ ఇచ్చాడు. మ్హాదేయి అనే పాత పడవలో ముందు గోవా నుంచి విశాఖపట్నం, తర్వాత మారిషస్, ఆ తర్వాత కేప్‌టౌన్ దాకా తిరిగారు. అంటే ఏళ్ళ తరబడి నేర్చుకున్నారు. మన శిక్షణలు మాత్రం మూడు రోజులు, అందులో ఒక పూట ప్రారంభ సభ.

అంత నేర్చుకున్నా కేప్‌టౌన్ దాటి వస్తుండగా హిందూ మహాసముద్రంలో చుక్కాని తిప్పే ఏర్పాటు చెడిపోయింది. అనుకోకుండా మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. ఇది దాచాల్సిన విషయం కాదు. వస్తువన్నాక చెడుతుంది. చెడినదాన్ని రేవు దాకా ఎవరు తెస్తారు, బాగు చేయించేటప్పుడు పక్కన ఎవరు నిలబడతారు అన్నదే అసలు ప్రశ్న.

తర్వాత ఇదే పడవలో దిల్నా, రూపా అనే ఇద్దరు అధికారిణులు, ఇద్దరే, 2024 అక్టోబరు 2న బయలుదేరి 2025 మే నెలాఖరుకి భూమి చుట్టి వచ్చారు. దారిలో పసిఫిక్ సముద్రంలో పాయింట్ నీమో అనే చోటు మీదుగా వెళ్ళారు. అక్కణ్ణుంచి ఏ దిక్కు చూసినా నేల 2,600 కిలోమీటర్లకు పైనే. మెకానిక్కు ఎంత దూరమో ఊహించుకోండి.

ఇప్పుడు మా సంగతి. ప్రకాశం జిల్లాలో ఒక ఊళ్ళో పన్నెండు మంది స్త్రీలు సంఘంగా కౌలుకు పొలం తీసుకుని మిరప వేశారు. సంఘం అప్పు కొంత, మా ప్రాజెక్టు డబ్బు కొంత కలిపి ఆయిలింజను కొన్నారు. కొబ్బరికాయ కొట్టాం, ఫోటో తీయించాం. కాయ మీద ఉన్నప్పుడు, సరిగ్గా తడి కావాల్సిన వారంలో ఇంజను ఆగిపోయింది. రెండు రోజులు తిప్పి తిప్పి వాళ్ళ చేతులు బొబ్బలెక్కాయి. మూడోరోజు ఇద్దరు బజారుకు పోయి మెకానిక్కుని అడిగితే, "మీకు చెబితే ఏం తెలుస్తదమ్మా, ఎవరన్నా మగోళ్ళని పంపండి" అన్నాడు. పంపారు. వచ్చాడు. ఐదు నిమిషాల్లో స్టార్టు చేసి 500 రూపాయలు తీసుకుని వెళ్ళాడు.

అతను చేసింది ఏమిటి? డీజిల్ పూర్తిగా అయిపోయేదాకా నడపటం వల్ల ఇంజనుకి ఎయిర్ పట్టింది. ఫిల్టరు దగ్గర నట్టు కాస్త వదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలు పోయి ఒట్టి డీజిల్ వచ్చేదాకా ఉంచి, మళ్ళీ బిగించాడు. అంతే! సముద్రం మధ్యలో పడవ ఇంజనుకి ఎయిర్ పట్టినా చేసేది ఇదే పని.

కానీ ఆ ఐదు నిమిషాల ఖరీదు 500 రూపాయలతో పోలేదు. "ఆడోళ్ళ దగ్గరుంటే పాడైపోద్ది" అని ఇంజనును ప్రెసిడెంటు మరిది కొట్టంలోకి మార్చారు. అప్పట్నుంచి ముందు తడి అతని చేలో. సంఘం వాళ్ళు "అయ్యా, ఇవాళ మాకు ఇస్తావా" అని అడగాలి. రిజిస్టరులో ఇంజను సంఘం పేరునే ఉంది. మా వార్షిక నివేదికలో 'మహిళల ఆధీనంలో ఆయిలింజను: 1' అని రాశాం. ఆ వాక్యం రాసింది నేనే.

ఇలాంటిది మాకు మొదటిసారి కాదు. 2004 డిసెంబరు సునామీ తర్వాత తీరంలో పడవలు, వలలు ఇచ్చేటప్పుడు జాబితాల్లో మగవాళ్ళ పేర్లే రాశాం. ఆ తర్వాత తప్పు తెలుసుకుని ఆస్తులన్నీ స్త్రీల పేర్ల మీద రాయడం మొదలుపెట్టాం. పేరు మారితే చాలనుకున్నాం. ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో మహిళా సమాఖ్య స్త్రీలు 1990లలోనే చేతిపంపులు విప్పి బాగుచేయడం నేర్చుకున్నారని మనం చదివాం, ఉపన్యాసాల్లో చెప్పాం కూడా. మన ప్రాజెక్టుల బడ్జెట్లో పానాల పెట్టెకు ఒక్క లైను రాయలేదు.

పోయిన ఏడాది రాశాం. ఆ సంఘంలోనే ఇద్దరు నెలరోజులు ఒక షెడ్డులో పని నేర్చుకున్నారు. నేర్పడానికి ఒప్పుకున్న మెకానిక్కు దొరకడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. ఇంజను కొట్టం మారింది, మళ్ళీ సంఘం దగ్గరికి వచ్చింది. ఇప్పుడు పక్క చేలవాళ్ళు ఇంజను ఆగితే "అక్కా, ఒకసారి చూసిపోవా" అని వాళ్ళలో ఒకామెను పిలుస్తున్నారు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్ళో రాత్రిపూట కూడా పిలుపులొస్తాయి. రాత్రి చేలోకి పోవద్దని, పోతే ఇంటికి రావద్దని ఆమె భర్త అంటున్నాడు. కూలి మాత్రం తెమ్మంటున్నాడు. పోయినవారం పానాల పెట్టె దాచేశాడు.

ఆమె ఇక్కడికి వచ్చింది, మూడో వరసలో కూర్చుంది. ఏం చేద్దామో భోజనాల తర్వాత ఆమె నోటనే విని మాట్లాడుకుందాం. నేను దిగుతాను.