పెరడు లేని వాళ్ల పెరటి తోట

(విద్యార్థుల అధ్యయన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కులం గురించి, రాజ్యాంగం గురించి మాట్లాడుకునే వేదిక మీద కూరగాయల తోట గురించి మాట్లాడతానంటే మీలో కొందరికి ఆశ్చర్యం కలిగి ఉండవచ్చు. అది రిటైరైన ఉద్యోగుల వ్యాపకం కదా, డాబా మీద కుండీలు పెట్టి ఫోటోలు తీసుకునే వాళ్ల ముచ్చట కదా అనుకుని ఉండవచ్చు. ఇవాళ తోట గురించి వచ్చే వీడియోలు, వ్యాసాలు ఎక్కువగా అలాగే ఉంటున్నాయి. వాటిలో రెండు విషయాలు అడగకుండానే ఉన్నట్టు అనుకుంటారు. ఒకటి జాగా, రెండు నీళ్లు. మన చరిత్ర అంతా ఈ రెండింటి చుట్టూనే తిరిగింది. అందుకే తోట మన విషయం కూడా.

ముందు జాగా సంగతి చూద్దాం. "పెరటి తోట" అనే మాటలోనే పెరడు ఉంది. ఇల్లు కట్టుకోగా వెనక ఖాళీ స్థలం మిగిలిన వాళ్లకే పెరడు ఉంటుంది. వెలివాడలో గోడకు గోడ ఆనుకుని ఉండే ఇళ్లకు పెరడు ఎక్కడిది? ఆంధ్రప్రదేశ్‌లో 2020 చివర్లో పంపిణీ మొదలైన ఇంటి పట్టాలు పట్టణాల్లో ఒక సెంటు, పల్లెల్లో సెంటున్నర. సెంటున్నర అంటే సుమారు 650 చదరపు అడుగులు. ఇల్లు, మరుగుదొడ్డి పోగా మిగిలేది గుమ్మం ముందు నాలుగడుగులే. ఇక సాగు భూమి సంగతి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో షెడ్యూల్డ్ కులాల వాళ్లు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణనలో వాళ్ల చేతిలో ఉన్న సాగు విస్తీర్ణం 9 శాతానికి లోపే. వ్యవసాయ కూలీల్లో మన వాళ్లు ఎంతమందో మీకు చెప్పనక్కర్లేదు. ఊరందరి పొలాల్లో నాట్లు వేసిన చేతులకు సొంతంగా ఒక బీరపాదు పెట్టుకునే చోటు లేదు.

రెండోది నీళ్లు. 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ వేలమందితో కలిసి చవదార్ చెరువు నీళ్లు తాగారు. ఆ చెరువును అందరికీ తెరుస్తూ మున్సిపాలిటీ తీర్మానం చేసి అప్పటికే మూడేళ్లు దాటింది. అయినా కాగితం మీది హక్కు దోసిట్లోకి రాలేదు. నీళ్లు తాగినందుకు దాడి జరిగింది, చెరువును "శుద్ధి" చేశారు. కోర్టులో తుది తీర్పు 1937లో వచ్చింది. మన దగ్గర 1985 జూలైలో కారంచేడు మారణకాండకు దారితీసిన గొడవ కూడా మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గరే మొదలైంది. కాబట్టి ఎవరైనా "మొక్కలకు రోజూ నీళ్లు పోయండి" అని తేలిగ్గా చెప్పినప్పుడు, ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, ఎవరి నెత్తిన వస్తాయి అని మనం అడగాలి.

లెక్క చూడండి. ఎండాకాలంలో చదరపు మీటరు మడి నుంచి రోజుకు సుమారు 5 నుంచి 7 లీటర్ల నీరు ఆవిరైపోతుంది. పది చదరపు మీటర్ల తోటకు రోజుకు 50 నుంచి 70 లీటర్లు కావాలి. అంటే నాలుగైదు బిందెలు. అవి మోసేది ఇంట్లో ఆడవాళ్లే అయితే, ఆ తోట మనకు విముక్తి కాదు, వాళ్లకు ఇంకో చాకిరీ. అందుకే మొదటి నియమం: బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు, సబ్బు తక్కువ కలిసిన గిన్నెల నీళ్లు ఎంత వస్తాయో చూసి, అంతకు సరిపోయే తోటే వేయండి. మొక్కల మొదళ్లలో ఎండుటాకులు గానీ గడ్డి గానీ నాలుగు వేళ్ల మందాన పరచండి, తడి ఆరడం బాగా తగ్గుతుంది. రెండో నియమం: నీళ్లు పోసే పని మగపిల్లలది కూడా.

ఇప్పుడు పని గురించి చెబుతాను. చల్లటి దేశాల్లో వసంతం అంటే మంచు కరిగి నేల మెత్తబడే కాలం. వాళ్ల పుస్తకాలు చూసి మనం క్యాబేజీ, పాలకూర, మెంతికూర ఇప్పుడు వేస్తే కుదరదు. మాఘ ఫాల్గుణాలు దాటితే మనకు వచ్చేది ఎండ. ఇప్పుడు వేయాల్సినవి ఎండను ఓర్చుకునేవి: తోటకూర, గోంగూర, బచ్చలి, బెండ, గోరుచిక్కుడు, అలసంద, బీర, సొర, కాకర, దోస.

ఫిబ్రవరి మధ్యలో తోటకూర చల్లితే మహాడ్ దినం నాటికి కోతకు వస్తుంది. అప్పుడే బెండ వేస్తే అంబేద్కర్ జయంతి లోపే కాయలు తెంపుకోవచ్చు. బెండ గింజలను రాత్రంతా నానబెట్టి, వేలి మొదటి గణుపు లోతుకు మించకుండా, జానెడున్నర దూరంలో రెండేసి గింజలు వేయండి. రెండూ మొలిస్తే బలంగా ఉన్నది ఉంచండి. తోటకూర విత్తనం మరీ సన్నం కాబట్టి ఇసుకలో కలిపి చల్లాలి. బచ్చలికి విత్తనం కూడా అక్కర్లేదు, తీగ ముక్క గుచ్చితే చాలు. జాగా లేని వాళ్లు పాత బకెట్లు, సిమెంటు సంచులు, పెయింటు డబ్బాలు వాడండి. బాగా కడిగి అడుగున చిల్లులు పెట్టడం మరవకండి. మట్టి, మాగిన ఎరువు, ఎండుటాకుల పొడి సమపాళ్లలో కలపండి. మేకల ఎరువు చాలా మంచిది. ఆవుపేడ లేకపోతే తోట లేదన్నట్టు చెప్పే వాళ్ల మాట నమ్మకండి. మొక్కకు నత్రజని, భాస్వరం, పొటాష్ కావాలి, అవి ఏ పశువు నుంచి వచ్చాయన్నది దానికి పట్టదు. కనీసం ఆరు గంటల ఎండ పడే చోటు చూసుకోండి.

కొత్తవాళ్లు రెండుచోట్ల నిరుత్సాహపడతారు. బీర, సొర పాదులకు మొదట వచ్చేవి మగపూలు. అవి రాలిపోతాయి. పాదు పాడైందని పీకేయకండి, పిందెతో ఉన్న ఆడపూలు తర్వాత వస్తాయి. ఈ పూలు సాయంత్రం వేళ విచ్చుకుంటాయి. కాయ నిలవకపోతే మగపువ్వు తెంపి దాని పుప్పొడిని ఆడపువ్వుకు అద్దండి. ఇక అలసందకు పేనుబంక పడుతుంది. మొదట్లోనే నీళ్లు గట్టిగా కొట్టి కడిగేస్తే చాలావరకు పోతుంది, మిగిలిన దానికి వేపగింజల కషాయం కొట్టండి.

విత్తనం గురించి ఒక మాట. దుకాణంలో కొన్న హైబ్రిడ్ గింజ నుంచి తీసిన విత్తనం మళ్లీ అదే కాయ ఇవ్వదు. నాటు గింజ సంపాదించి, మంచి మొక్క ఒకటి ఎంచి, దాని కాయలు కొన్ని ముదరనివ్వండి. ఎండబెట్టి బూడిద కలిపి సీసాలో దాచండి. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని మహిళలు, వాళ్లలో ఎక్కువమంది దళితులే, మెట్ట పంటల విత్తనాలను ఇలాగే ఇళ్లలో కాపాడారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వాళ్లకు వచ్చింది. గంగవాయిలి, పొన్నగంటి, గలిజేరు లాంటి ఆకుకూరలను వ్యవసాయ శాస్త్రం కలుపు అని పిలిచింది. వాటి పేర్లు, రుచులు, వండే పద్ధతులు మన అమ్మమ్మలకు తెలుసు. అధ్యాపకులు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఆ జ్ఞానాన్ని మీ విద్యార్థులు పరిశోధన చేస్తే, చెప్పిన వాళ్ల పేరుతో, గౌరవంతో నమోదు చేయించండి.

తిండి విషయంలో ఒక జాగ్రత్త. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. దీనికి మందుగా పెరటి తోటను చూపించి, పిల్లల పళ్లెంలోంచి గుడ్డును తీసేసే రాజకీయం ఒకటి నడుస్తోంది. ఆకుకూరల్లో ఇనుము ఉంది, కానీ మాంసంలోని ఇనుమంత తేలిగ్గా ఒంటికి పట్టదు. నిమ్మకాయ పిండుకుంటే కొంత మెరుగు, తిన్న వెంటనే టీ తాగితే నష్టం. మన గోంగూర మాంసంలో ఉన్న తెలివిని "సాత్విక" ఆహార ప్రచారకులు మనకు నేర్పనక్కర్లేదు. తోట పళ్లేనికి చేర్పు కావాలి, కోత కాకూడదు.

తోటకు రాజకీయ విలువ కూడా ఉంది. అంటరానివారు హక్కు అడిగితే ఊరు ఎక్కుపెట్టే ఆయుధం సాంఘిక బహిష్కరణ అని బాబాసాహెబ్ ఎన్నోసార్లు రాశారు. కూలి ఆపుతారు, దుకాణంలో సరుకు ఆపుతారు. అమెరికాలోని మిసిసిపీలో నల్లజాతి మహిళ ఫానీ లూ హేమర్ 1962లో ఓటు నమోదుకు వెళ్లినందుకు, పద్దెనిమిదేళ్లు పనిచేసిన తోట నుంచి యజమాని ఆమెను వెళ్లగొట్టాడు. ఆకలితో లొంగదీస్తారని అర్థం చేసుకున్న ఆమె 1969లో ఫ్రీడమ్ ఫార్మ్ అనే సహకార క్షేత్రం పెట్టి, కూరగాయలు పండించి, పేద కుటుంబాలకు పందులను పెంపకానికి ఇచ్చారు. అప్పులు, ప్రకృతి దెబ్బలు, నిధుల లేమితో అది కొన్నేళ్లకే మూతపడింది. మనకు రెండు పాఠాలూ కావాలి. తిండి చేతిలో ఉంటే గొంతు లేస్తుంది. కానీ భూమి, పెట్టుబడి, ప్రభుత్వ బాధ్యత లేకుండా ఒక్క తోట మనల్ని నిలబెట్టలేదు.

బాబాసాహెబ్ 1918లోనే చిన్న కమతాల మీద రాస్తూ, కమతం కొలత ఒక్కటే చూస్తే లాభం లేదని, దానికి తగిన పెట్టుబడి, పనిముట్లు ఉన్నాయా అన్నది చూడాలని వాదించారు. భూమి మీద ఆధారపడ్డ అదనపు జనానికి పరిశ్రమలు దారి చూపాలన్నారు. పల్లెకు తిరిగి పోదాం అనే ఆదర్శవాదం ఆయనది కాదు, మనది కూడా కాకూడదు. భూపంపిణీ అడిగే చోట "మీకు కుండీలు ఇస్తాం" అంటే ఒప్పుకోకండి.

చివరిగా హాస్టళ్ల గురించి. సంక్షేమ హాస్టళ్లలో స్నానాల గదుల నీళ్లు ఊరికే కాలువలోకి పోతుంటాయి, ప్రహరీ వెంబడి జాగా ఖాళీగా ఉంటుంది. అక్కడ మునగ, కరివేపాకు, బచ్చలి పెంచవచ్చు. కానీ పిల్లల చేత క్రమశిక్షణ పేరుతో వెట్టి చేయించడం తోటపని కాదు. ఇష్టమున్న వాళ్లు చేయాలి, పండింది వాళ్ల మెస్సులోకే రావాలి, వార్డెన్ ఇంటికి పోకూడదు. మెస్ బడ్జెట్‌లో దాని పేరుతో ఒక్క రూపాయి కూడా తగ్గకూడదు.

ఈ వారంలో మీరు చేయగలిగిన పని ఒకటుంది. మీ హాస్టల్లో రోజుకు ఎన్ని బకెట్ల నీళ్లు వృథాగా పోతున్నాయో లెక్కపెట్టండి. ఖాళీ జాగా ఎంతో కొలవండి. ఆ లెక్కతో అధికారులకు వినతిపత్రం ఇవ్వండి. సమాధానం కోసం ఎదురుచూస్తూ ఊరుకోకుండా ఒక మడిలో తోటకూర చల్లండి. మార్చి 20న మహాడ్ గురించి మాట్లాడుకోవడానికి మళ్లీ కూర్చుందాం. ఆ రోజు భోజనంలోకి ఆ కూర ఉండాలి, పక్కన కోడిగుడ్డు కూడా ఉండాలి.

జై భీమ్!