తల్లికి వందనం: లెక్క మనం చూసుకుందాం, బరువు పిల్లల మీద వద్దు
(లబ్ధిదారుల సమావేశంలో జిల్లా సమాచార అధికారి ప్రసంగ పాఠం. మీ గ్రూపుల్లో పంపుకోవచ్చు.)



పథకం సంగతి ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఒకటో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు అర్హత ఉన్న ప్రతి బిడ్డకీ ఏడాదికి 15,000 రూపాయలు. ఇంట్లో ఎంతమంది చదువుతుంటే అంతమందికీ వర్తిస్తుంది. అందులో 13,000 తల్లి ఖాతాలో పడతాయి, 2,000 బడి నిర్వహణకి వెళతాయి. పిల్లల హాజరు 75 శాతం ఉండాలి.

ఇక నేను చెప్పాలనుకున్న మాట. ఈ హాజరు లెక్క మనం పిల్లలకి ఎలా చెబుతున్నాం? "నువ్వు బడి మానేస్తే పదమూడు వేలు పోతాయిరా" అంటాం. మన ఉద్దేశం మంచిదే. కానీ ఎనిమిదేళ్ల బిడ్డకి అది ఎలా వినిపిస్తుందో చూడండి. నాకు జ్వరమొస్తే ఇంటికి నష్టం అని వినిపిస్తుంది. 75 శాతం అంటే నాలుగు రోజులకి మూడు రోజులండి. జ్వరమొచ్చి రెండు రోజులు మానేస్తే పథకం పోదు. ఆ లెక్క పెద్దవాళ్లం, టీచర్లం చూసుకుందాం. పిల్లల నెత్తిన పెట్టొద్దు.

నా సంగతే చెబుతాను. 2006 ఆగస్టులో గోదారికి పెద్ద వరదొచ్చినప్పుడు నేను పదో తరగతి. మా ఇల్లు ఏటిగట్టు లోపలుండేది. పుస్తకాలన్నీ తడిసిపోయాయి. నీళ్లు తీశాక ఇల్లు కడుక్కున్నాం, పుస్తకాలూ మళ్లీ సంపాదించుకున్నాం. కానీ మబ్బు పడితే చాలు, నాకు కడుపునొప్పి. బడికి వెళ్లనని మొండికేసేవాణ్ని. వాము నీళ్లు పట్టారు, తాయెత్తు కట్టించారు, రెండు తగిలించారు కూడా.

ఓ రోజు మా నాయనమ్మ పక్కన కూర్చుని, "గోదారంటే భయమేస్తోందేంట్రా?" అంది. అవునన్నాను. "నాకూ వేస్తుంది" అంది. 1986 వరద నాటి సంగతులు చెప్పింది. ఆ తర్వాత రోజూ సాయంత్రం నన్ను రేవుకి తీసుకెళ్లేది. నీళ్లు ఏ మెట్టు దాకా ఉన్నాయో చూసొచ్చి ఇంట్లో చెప్పడం నా పని. నొప్పి ఒక్కరోజులో పోలేదు గానీ, దీపావళి నాటికి పోయింది. ఆవిడ మందేం వెయ్యలేదండి. భయమేంటో అడిగింది, వెటకారం చెయ్యలేదు, చేతికో చిన్న పని ఇచ్చింది.

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరదొచ్చినప్పుడు మన లంకల పిల్లలు ఎంతోమంది పునరావాస కేంద్రాల్లో పడుకున్నారు. వాళ్లలో కొందరికి వానాకాలం వస్తే ఇప్పటికీ గుండె దడ ఉండొచ్చు.

పిల్లలు "నాకు ఒత్తిడిగా ఉంది" అని చెప్పరు. చిన్నవాళ్లయితే పక్క తడుపుతారు, అమ్మ కొంగు వదలరు, ఊరికే కడుపునొప్పంటారు. పెద్దవాళ్లయితే విసుక్కుంటారు, తిండి మానేస్తారు, నిద్ర పట్టదంటారు, ఫోన్‌లోనే ఉంటారు. అది పొగరు కాకపోవచ్చు, ఓసారి ఆగి చూడండి.

ఇంట్లో మనం చెయ్యగలిగినవి ఇవి:

1. ముందు వినండి. "దీనికే భయమా?" అనకండి. సలహా తర్వాత చెప్పొచ్చు.

2. తిండి, నిద్ర, ఆట వేళకి ఉండేలా చూడండి. పరీక్షల నెలలో కూడా సాయంత్రం ఓ గంట ఆడుకోనివ్వండి.

3. గాభరా పడుతుంటే వేడి పాలు చల్లార్చినట్టు నెమ్మదిగా ఊదమనండి. ఊపిరి నిదానిస్తే గుండె దడ తగ్గుతుంది. మీరూ కూడా ఊదండి, మిమ్మల్ని చూసి చేస్తారు.

4. పక్కింటి పిల్లతో పోల్చకండి. అప్పుల గొడవలు వాళ్ల ముందు వద్దు.

5. భయం తగ్గేలా ఓ చిన్న పని అప్పగించండి. వరద రోజుల్లో పుస్తకాలు, ఆధార్ కార్డులు ప్లాస్టిక్ సంచిలో సర్దడం లాంటిదైనా చాలు.

పది, ఇంటర్ ఫలితాల రోజు ఇంకాస్త జాగ్రత్త అమ్మా. ఆ రోజు బిడ్డని ఒంటరిగా ఉంచొద్దు. మార్కులు అడిగే ముందు అన్నం పెట్టండి. తప్పితే అదే ఏడాది సప్లిమెంటరీ ఉంది, ఏడాది ఎక్కడికీ పోదు. ఈ మాట ఫలితాలు రాకముందే చెప్పండి.

"నేనుండి ఏం లాభం", "చచ్చిపోతా" అని పిల్లలంటే మాత్రం బెదిరింపు అనుకోకండి. కోప్పడకుండా, పక్కనే ఉండి, "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న బరువు దిగుతుంది. మనవి వ్యవసాయం ఇళ్లు కాబట్టి ఇంకో మాట. పురుగుమందు డబ్బా ఎప్పుడూ తాళంలోనే ఉండాలి, తాళంచెవి పెద్దవాళ్ల దగ్గరే ఉండాలి.

టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. పిల్లలకి ఏ ఆపదొచ్చినా 1098. నేరుగా చూపించాలంటే కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికెళితే పిచ్చి అని ఎవరైనా అంటారేమోనని ఆగొద్దు. జ్వరానికి డాక్టరు దగ్గరికి వెళ్లమా? ఇదీ అంతే.

ఈ రెండు నంబర్లూ ఇప్పుడే ఫోన్‌లో వేసుకోండి. ఇవాళ ఇంటికెళ్లాక బిడ్డని మార్కులడక్కుండా, "ఈరోజు నీకు ఏది కష్టమనిపించింది?" అని ఒక్కమాట అడగండి. జవాబు వెంటనే రాకపోయినా కాసేపు పక్కనే కూర్చోండి.