కాగితం పూలకు నీళ్లెన్ని?

సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి మీ ఉత్తరాల్లో ఒకటే గోడు. "కడియం నర్సరీలో కొన్నప్పుడు బోగన్‌విలియా నిండా పూలే. ఇంటికొచ్చాక ఆకులే తప్ప పువ్వు లేదు. రెండు పూటలా నీళ్లు పోస్తూనే ఉన్నాం" అని రాశారొక సోదరి. జబ్బేమిటో మీరే రాశారు తల్లీ, ఆ చివరి మాటలో!

చిన్న పెరడుకో డాబాకో ఏడాదిలో ఎక్కువ నెలలు రంగు కావాలంటే నేను ముందు చెప్పేది ఈ బోగన్‌విలియానే, అంటే కాగితం పూల మొక్కే. రంగురంగులుగా మూడేసి చొప్పున మనకు కనిపించేవి నిజానికి ఆకులు. ఆ మూడింటి మధ్య సన్నగా, తెల్లగా గొట్టంలా ఉండేదే పువ్వు. నీళ్లు ఎక్కువైతే మొక్క పచ్చని కొమ్మలు సాగదీస్తుంది, పూత మరిచిపోతుంది. యూరియా వేసినా అంతే. పాత బడి ప్రహరీ మీద ఎవరూ పట్టించుకోని తీగ విరగబూయడం మీరు చూడలేదూ?

మాకు తెలిసిన ఒకావిడ తులసికి పోసిన చెంబుతోనే దీనికీ రోజూ పోసేవారు. తొట్టి కింద పళ్లెంలో ఎప్పుడూ నీళ్లే, అందులో దోమపిల్లలు. వద్దంటే "పాపం, ఎండిపోదూ?" అనేవారు. కూతురి పురిటికని నెలన్నర ఊరెళ్లి వచ్చేసరికి తొట్టి నిండా రాణి రంగు! "వాచ్‌మన్ నాకంటే బాగా చూసుకున్నాడండీ" అని నాకు ఫోను. అతన్నడిగితే నసిగాడు, వారానికోసారి పోశాట్ట. అదీ గుర్తొస్తేనే!

కాబట్టి వేలు మట్టిలోకి రెండు కణుపులు దించి చూడండి. తడి తగిలితే చెంబు పక్కన పెట్టేయండి. ఆకులు కాస్త వాలినా కంగారు పడకండి. అలాగని మండు వేసవిలో పూర్తిగా మాడ్చమనడం లేదు. ఎండ మాత్రం రోజుకు ఐదారు గంటలు తగలాలి, వరండా నీడలో పెట్టి పూయలేదంటే నేనేం చేయను? పన్నెండంగుళాల తొట్టి చాలు, వేళ్లు ఇరుగ్గా ఉంటేనే దీనికి ఇష్టం. ఒక విడత పూత అయ్యాక కొనలు కత్తిరించండి, కొత్త చిగుళ్లకే మళ్లీ పూస్తుంది. ముళ్లున్నాయి కనుక పిల్లలు పరుగెత్తే గేటు పక్కన మాత్రం వద్దు.

ఆవిడ చెంబు ఇప్పుడు పుదీనా తొట్టికి వెళుతోంది. పుదీనాకు రోజూ పోసినా అభ్యంతరం లేదు.