పరుగు తర్వాత వేడినీళ్లు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యాయామం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. పోలీసు సెలక్షన్ల కోసం పరుగులు తీసే కుర్రాళ్లు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు గనుక, ఒంటిని వేడికి అలవాటు చేసుకోవడమనే ఒక్క విషయమే ఎత్తుకుంటాను.

కొన్నేళ్ల క్రితం ఏప్రిల్ నెలలో మా వీధి కుర్రవాడొకడు, ఎండలో పరుగెడితేనే గట్టిపడతానని పగలు పదకొండు గంటలకు గ్రౌండుకు పోయాడు. నాలుగో రౌండులో మాట తడబడి కూలిపోయాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. ముందు కుళాయి దగ్గర బకెట్లకొద్దీ చన్నీళ్లు గుమ్మరించి, ఆ తర్వాతే ఆసుపత్రికి తీసుకుపోయాం. బతికాడు. వాడి ఆలోచన తప్పు కాదండీ, పద్ధతే తప్పు.

శరీరం వేడికి అలవాటు పడడం నిజమే. వారం, రెండు వారాలు రోజూ ఒళ్లు బాగా వేడెక్కితే రక్తంలోని నీటి భాగం పెరుగుతుంది. చెమట త్వరగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. అదే పనికి గుండె అంతకుముందంత వేగంగా కొట్టుకోనక్కరలేదు.

మరి చలిదేశాల వాళ్లు ఏం చేయాలి? 2019లో దోహాలో ప్రపంచ పోటీల ఆడవాళ్ల మారథాన్‌ను ఎండకు భయపడి అర్ధరాత్రి వేళ పెట్టారు. అయినా 32 డిగ్రీలు దాటిన ఉక్కలో 68 మంది బయలుదేరితే చివరిదాకా వచ్చింది 40 మందే. ఇటువంటి పోటీలకు తయారు కావాలంటే వేడిగదులు కావాలి, లేదా ముందుగానే వేడిదేశం పోయి ఉండాలి. రెండూ డబ్బుతో పని.

వేల్స్‌లోని బాంగోర్ విశ్వవిద్యాలయం వారు చవకదారి చూశారు. 2016లో వెలువడిన వారి పరిశోధనలో, కొందరు 18 డిగ్రీల చల్లని గదిలో 40 నిమిషాలు పరుగెత్తి, వెంటనే 40 డిగ్రీల వేడినీళ్ల తొట్టిలో మెడదాకా కూర్చున్నారు. 40 నిమిషాలకు మించకుండా, వరుసగా ఆరు రోజులు. తర్వాత 33 డిగ్రీల వేడిలో 5 కిలోమీటర్లు పరుగెత్తిస్తే, వారికి పట్టే కాలం సుమారు 5 శాతం తగ్గింది. 25 నిమిషాలు పట్టేవాడికి ఇది నిమిషం పైచిలుకు! గోరువెచ్చని నీళ్లలో కూర్చున్న వారికి ఈ లాభం కలగలేదు.

కిటుకు ఏమిటంటే, పరుగుతో ఒళ్లు అప్పటికే లోపల వేడెక్కి ఉంటుంది. నీళ్లలో మునిగి ఉంటే చెమట ఆరదు, వేడి బయటికి పోదు. చర్మమూ వేడి, లోపలా వేడి. ఆ రెండూ కలిసి కాసేపు నిలిస్తేనే శరీరం మారుతుంది. మన చెంబు స్నానంతో ఇది జరగదు. నీళ్లు పోసుకున్నంతసేపూ జారిపోతూనే ఉంటాయి, ఒళ్లు ఆరుతూనే ఉంటుంది.

ఇక మన సంగతి. వేసవిలో మన వాళ్లకు తొట్టెతో పనే లేదు, బయటి గాలే చాలు. తెల్లవారుజామునో సాయంత్రమో పరుగెత్తుతూ, రోజుకు కొంచెం కొంచెంగా పెంచుకుంటే పది, పద్నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. పగలంతా ఏసీ ఆఫీసులో కూర్చుని సెలవునాడు ఒక్కసారిగా పరుగెత్తే వాళ్ల గురించే నా భయమంతా. చలిదేశంలో చదువుకుంటూ పోటీలకు తయారయ్యే మన పిల్లలకైతే ఈ తొట్టె స్నానం నిజంగా పనికొస్తుంది.

అయితే ఒంటరిగా చేయరాదు. తొట్టిలోంచి గభాలున లేస్తే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి, పడిపోతారు కూడా. మెల్లగా లేవాలి, నీళ్లు తాగాలి. తల తిరిగినా వికారమనిపించినా లెక్క చూసుకోకుండా బయటికి రావాలి. గుండెజబ్బు, బీపీ ఉన్నవారు, గర్భిణులు, చిన్నపిల్లలు దీని జోలికి పోవద్దు. నీటి వేడి చేత్తో చూసి చెప్పలేం. థర్మామీటరు లేకపోతే ఆ పూట మానుకోండి.

ఇంకా అడగదలచిన వారు టీ వేళ నన్ను కలవండి.