వ్యాపారానికి ముందు వడ్డీ

పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు బడిలోనే డబ్బు వ్యవహారాలూ వ్యాపార దృష్టీ అలవరచాలన్న మాట ఇప్పుడు గట్టిగా వినిపిస్తోంది. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2019లోనే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా అలాంటి పాఠాలు మొదలయ్యాయి. నేర్పాలనే నేనూ అంటాను. కాకపోతే వ్యాపారం కంటే ముందు అప్పు నేర్పాలంటాను. ఈ కొండకర్ల ఆవ చుట్టుపట్ల చూడండి: ఆ సరస్సులో చేపల వేటకు వెళ్లే ఇంట్లో రాబడి ఏ రోజుకారోజు, చెరకు రైతుకు పంట చేతికొచ్చినప్పుడు, అచ్యుతాపురం ఫ్యాక్టరీ కార్మికుడికి నెలకోసారి. అప్పు వాయిదా మాత్రం ఎవరి రాబడికోసమూ ఆగదు. పిల్లలు ఇంట్లో చూస్తున్న ఆర్థికశాస్త్రం ఇదే.

బడిలో బారువడ్డీ సూత్రం చెబుతూనే ఉన్నాం. అక్కడ వడ్డీ ఏడాదికి ఇంత శాతం అని ఉంటుంది. ఊళ్లో నూటికి మూడు రూపాయలంటారు, అది నెలకు. ఏడాదికి 36 శాతమని పిల్లవాడికి ఏ పుస్తకం విప్పి చెబుతోంది? వారం వాయిదాల లెక్క ఇంకా గడుసుది. పదివేలు తీసుకుని వారానికి 230 చొప్పున 50 వారాలు కడితే మొత్తం 11,500. పైకి 15 శాతమే. కానీ అసలు వారం వారం తరిగిపోతోంది, సగటున మన చేతిలో ఉన్నది సగమే. కాబట్టి నిజంగా పడే వడ్డీ రేటు దాదాపు రెట్టింపు. ఎనిమిదో తరగతి గణితం వస్తే చాలు, ఈ గుట్టు బయటపడుతుంది.

చదువు చెప్పి తప్పంతా అప్పు తీసుకున్నవాళ్ల మీదకు నెడతారా అని ఒక ఆక్షేపణ ఉంది. న్యాయమైనదే. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల నేపథ్యంలో 2010 అక్టోబరులో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అప్పు తీసుకున్న ఇల్లాళ్లకు లెక్కలు వచ్చినంత మాత్రాన ఆ ఒత్తిడి ఆగేది కాదు. చట్టం చేసే పని పాఠం చేయలేదు. కాగితం మీద ఏముందో అడగగలిగేవాళ్లు ఇంటికొకరు ఉండటం మాత్రం చట్టానికీ బలమే.

ఇలాంటి చదువు నిలవదని మరో ఆక్షేపణ. 2014లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష, ఆర్థిక పాఠాల ప్రభావం నడవడి మీద అతి స్వల్పమనీ, కాలం గడిచేకొద్దీ అదీ కరిగిపోతుందనీ తేల్చింది. తర్వాతి ప్రయోగాలను పరిశీలించినవారు అంత నిరాశపడలేదు. నాకు తోచేదేమిటంటే, అవసరానికి దూరంగా చెప్పిన పాఠమే ముందు కరుగుతుంది. రిజర్వు బ్యాంకు 2014లోనే పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా నడుపుకునే వీలు కల్పించింది. ఆ ఖాతా పాసుపుస్తకమే పాఠ్యపుస్తకం కావచ్చు.

ఇక వ్యాపారం. పిల్లల్ని పనిలోకి దింపుతారేమోనన్న భయం ఊరికే పుట్టలేదు. బడి వేళల తర్వాత ఇంటి వృత్తిలో సాయపడటానికి 2016 నాటి బాలకార్మిక సవరణ చట్టం సందు వదిలింది. కాబట్టి తరగతిలో సరుకు అమ్మించే పోటీలు అక్కర్లేదు, ఖర్చు లెక్క కట్టించాలి. అనకాపల్లి బెల్లం దిమ్మ కొని, చిన్న ముక్కలుగా కొట్టి, పొట్లాలు కట్టి అమ్మితే ఎంత మిగులుతుంది? తరుగు, రవాణా, అమ్ముడుపోనిది తీసేయమనండి. తర్వాత పొట్లాలు కట్టిన అమ్మకు రోజుకూలి వేయమనండి. లాభం అప్పటికీ మిగిలిందో లేదో వాళ్లే చెబుతారు.