బందరు కాగితాలు చదివేదెవరు?

ఆహ్వానసంఘంవారు నాకు రాసిన ఉత్తరంలో ‘విశ్వవిద్యాలయాల్లో అంతర్జాతీయ సంబంధాలు, విదేశీ భాషల అధ్యయనం: ఒక సమీక్ష’ అని విషయం నిర్ణయించి, సమయం మించరాదన్న మాట కింద గీత గీసి మరీ పంపారు. సమీక్ష చేస్తాను. అయితే ముందువరసలో నన్ను ఎరిగినవాళ్లు అప్పుడే ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఈయన ఎక్కడ బయల్దేరినా బందరులోనే దిగుతాడని వాళ్లకు తెలుసు. నిజమే, అక్కడే దిగుతాను.

సమీక్ష త్వరగా కానిస్తాను. మీకు తెలియనిదేదీ అందులో లేదు. ఢిల్లీ సప్రూ హౌస్‌లో 1955లో ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ మొదలైంది. 1970లో జె.ఎన్.యు.లో కలిసింది. హైదరాబాదులో 1958లో ఇంగ్లీషు బోధన కోసం పెట్టిన సంస్థ 1972లో విదేశీ భాషలను పేరులో కలుపుకుంది, ఆ తర్వాత ఇఫ్లూ అనే కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. మన సంగతి చూస్తే, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది ఈ బెజవాడలోనే. 1930లో వాల్తేరు తరలిపోయింది. సముద్రం దగ్గర ఉంటే విద్యార్థి చూపు విశాలమవుతుందని మా గురువుగారు ఒకరు ఆ తరలింపును సమర్థించేవారు. సముద్రం బందరులో కూడా ఉందండీ అని నేననేవాణ్ణి. ఆయనకు కోపం వచ్చేది. తర్వాత 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం, 2008లో సాక్షాత్తు బందరులోనే కృష్ణా విశ్వవిద్యాలయం వచ్చాయి. నేను తిరిగిన కాలేజీలన్నిటిలో ఒకటే తంతు. అంతర్జాతీయ సంబంధాలు రాజనీతిశాస్త్రంలో ఒక పేపరు. విదేశీ భాష సాయంత్రంపూట సర్టిఫికెట్ కోర్సు. ఆ పేపరు చెప్పేవారూ ఈ కోర్సు చెప్పేవారూ ఒక బల్ల దగ్గర కూర్చుని టీ తాగటం నా సర్వీసులో చూడలేదు. సమీక్ష అయిపోయింది.

ఇక నా గొడవ. మన సిలబస్‌లో మొదటి యూనిట్ ఏమిటి? వెస్ట్‌ఫాలియా, 1648. సార్వభౌమ రాజ్యాలు ఆ ఏడు పుట్టాయనీ, వాటి మధ్య సంబంధాలే మన శాస్త్రమనీ పిల్లలు బట్టీ కొడతారు. డచ్చివాళ్లను స్వతంత్ర రాజ్యంగా స్పెయిన్ ఒప్పుకున్నదీ ఆ 1648లోనే. కానీ డచ్చి కంపెనీ ఓడలు 1605లోనే బందరు వచ్చాయి. మరుసటేడే గోల్కొండ సుల్తాను అనుమతితో వాళ్లు బందరులోనూ నిజాంపట్నంలోనూ కొఠీలు పెట్టారు. అంటే పాత యజమాని ఇంకా రాజ్యమని ఒప్పుకోని రాజ్యం, ఆ రాజ్యం చార్టరు పుచ్చుకున్న ఒక వర్తక సంఘం, దానికి మన తీరంలో చోటిచ్చిన పారశీక సంస్కృతి దర్బారు! యుద్ధం చేసే హక్కు, సంధి చేసుకునే హక్కు కంపెనీ జేబులో ఉన్నాయి. ఈ సంబంధానికి మన పాఠ్యపుస్తకంలో పేరే లేదు. సిద్ధాంతం చెప్పే మిత్రులు మోర్గెంథౌ దగ్గర మొదలెట్టి వాల్ట్జ్ దగ్గర ఆగుతారు. స్వదేశీ కావాలన్నవారు కౌటిల్యుడి మండల సిద్ధాంతం దగ్గర మొదలెట్టి అక్కడే ఆగుతారు. ఈ రెండు జట్లవారూ ఈ సభలో ఉన్నారు, ఉదయం నుంచీ ఒకరినొకరు ఖండించుకుంటున్నారు. ఇక్కణ్ణుంచి బందరుకి బస్సులో రెండు గంటలు. ఏ జట్టువారూ ఎక్కరు.

ఇంకొక ఉదాహరణ ఇస్తాను. 1686లో డచ్చివాళ్లు బందరును సైన్యంతో ఆక్రమించారు. గోల్కొండ దర్బారుతో బాకీల తగాదా. దర్బారులో చక్రం తిప్పుతున్నవారు మంత్రులు అక్కన్న మాదన్నలు. ఉత్తరాన్నుంచి ఔరంగజేబు సైన్యం దిగుతోంది. ఆ ఏడే అన్నదమ్ములిద్దరూ హత్యకు గురయ్యారు, మరుసటేడు గోల్కొండే పడిపోయింది. ఒక కార్పొరేషను, కూలబోతున్న ఒక రాజ్యం, మీదికొస్తున్న ఒక సామ్రాజ్యం, మధ్యలో నేతగాళ్లకు అడ్వాన్సులు పంచే తెలుగు వర్తకులు. ఆంక్షలు, రుణదౌత్యం, బహుళజాతి కంపెనీలు అంటూ మీరు రోజూ రాసే వ్యాసాలకు ఇంతకంటే మంచి ముడిసరుకు ఎక్కడ దొరుకుతుంది? తెలుగువాడు అక్కన్న మాదన్నల మీద నాటకాలు రాశాడు, వ్యాసాలు రాశాడు. వాళ్లను దగ్గరగా చూసి, వాళ్లతో బేరాలాడి, వాళ్లను తిట్టుకుంటూ డచ్చి ఉద్యోగులు పంపిన నివేదికలు మాత్రం మనవాళ్లలో చదివినవారు అరుదు. 2002లో చరిత్రకారుడు హైస్ క్రౌట్జర్ ఆ కాగితాలు ముందు పెట్టుకుని అన్నదమ్ముల మీద పెద్ద వ్యాసం రాశాడు. దాన్ని పొగడటానికైనా తప్పు పట్టడానికైనా ఆయన చదివిన మూలం మనమూ చదవాలి కదా.

డేనియల్ హావర్ట్ సంగతి ఎన్ని సభల్లో చెప్పానో లెక్క లేదు, మళ్లీ చెప్తాను. ఈయన 1670లలో వచ్చి బందరు, గోల్కొండ కొఠీల్లో పనిచేశాడు. తిరిగి వెళ్లాక 1693లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కోరమాండల్ ఉత్థాన పతనాల మీద పుస్తకం వేశాడు. బందరు, పాలకొల్లు, ద్రాక్షారామం, నాగులవంచ, గోల్కొండ అన్నీ అందులో ఉన్నాయి. నాగులవంచ అంటే మన ఖమ్మం వైపు నీలిమందు కొఠీ. ఇదే హావర్ట్ 1688లో సాదీ బోస్తాన్‌ను పారశీకం నుంచి డచ్చిలోకి అనువదించాడు. గుమాస్తాగిరీకి వచ్చినవాడు దర్బారు భాష నేర్చుకుని, దాని కావ్యాన్ని తన ఊరికి పట్టుకెళ్లాడు! ఆయన పుస్తకాన్ని మనం మన ఊరికి ఇంతవరకూ పట్టుకురాలేదు.

ఆ కాగితాలు ఎలా ఉంటాయో చూడనివారికోసం చెప్తాను. బందరు నుంచి డచ్చి కంపెనీ తూర్పుదేశాల కేంద్రమైన బటావియాకు పోయిన ఉత్తరం ఒకటి ఊహించుకోండి. గోధుమరంగుకు తిరిగిన సిరా అవతలి పుట మీదికి ఊరి ఉంటుంది. అక్షరాలు కుడివైపు వాలి, ఒకదాని తోక ఇంకొకదానికి చుట్టుకుని ఉంటాయి. ఎడమ అంచున గుమాస్తా రాసిన చిన్న చిన్న సారాంశాలు. వాటిని పట్టుకుని పోతే ఉత్తరం దారి దొరుకుతుంది. మధ్యలో సలెంపూరీ, బెతిల్లా బట్టల పట్టీలు, పగోడాల్లో ధరలు. సరుకు పట్టీ ముగిసిన చోట, ఊపిరి తిప్పుకోకుండా, ఫలానా హవల్దారుకు ఏ కానుక ఇస్తే పని అయిందో ఉంటుంది. దౌత్యం, వ్యాపారం వేరువేరు ఫైళ్లు కావు అక్కడ. ఇవన్నీ చూడటానికి ఇవాళ హేగ్ పోనక్కర్లేదు. అక్కడి నేషనల్ ఆర్కైవ్స్‌వారు స్కాన్ చేసి పెట్టారు, మొగల్రాజపురంలో మేడమీద గదిలో కూర్చుని చూడొచ్చు. డచ్చి కంపెనీ దస్తావేజులను 2003లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. ప్రపంచానికి స్మృతి అయింది, మనకు మాత్రం మరుపు.

ఇక్కడ యువమిత్రులు లేచి ఒక మాటంటారు: “మాస్టారూ, ఇప్పుడు యంత్రమే చదివేస్తుంది కదా!” చదువుతుంది. గ్లోబలైజ్ అనే డచ్చి ప్రాజెక్టువారు సుమారు 50 లక్షల పుటలను యంత్రంచేత చదివించే పని చేపట్టారు. గొప్ప పని, చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆ గుమాస్తా చెవికి తోచినట్టు రాసుకున్న ఊరు ద్రాక్షారామమనీ, పక్క పంక్తిలో ఉన్నది కోమటి ఇంటిపేరనీ, ఆ చెల్లింపు ఏరువాకకు ముందు చేసేదనీ యంత్రానికి ఎవరు చెప్పాలి? లైడెన్‌లో కూర్చున్న కుర్రవాడు చెప్పలేడు. పెడనలో పుట్టిన పిల్ల చెప్పగలదు, డచ్చి వస్తే.

ఇంగ్లీషులో దొరికింది చాలు అనేవారు మరో వర్గం. మోర్లండ్ 1931లో హక్లూట్ సొసైటీకి కూర్చిన గోల్కొండ వృత్తాంతాల సంపుటిలో ఇంగ్లీషు వర్తకుడు మెథ్వోల్డ్‌తోపాటు ఇద్దరు డచ్చివాళ్ల రాతల అనువాదం ఉంది. 1934లో ఫ్లోరిస్ దినచర్య వచ్చింది. 1611లో గ్లోబ్ ఓడ మీద ఇంగ్లీషు కంపెనీ తరఫున బందరు వచ్చిన ఈ ఫ్లోరిస్ కూడా డచ్చివాడే. ఈ రెండు సంపుటాలతో తొంభై ఏళ్లుగా మన సిద్ధాంత గ్రంథాలు నెట్టుకొస్తున్నాయి. పాదసూచికల్లో అదే పుట, అదే తప్పు అచ్చుతో సహా. బెంగాలీవాడు తపన్ రాయ్‌చౌధురి డచ్చి మూలాలతో ‘జాన్ కంపెనీ ఇన్ కోరమాండల్’ రాసి 1962లో అచ్చేయించాడు. సింహళం నుంచి వెళ్లిన తమిళుడు అరసరత్నం రాశాడు. సంజయ్ సుబ్రహ్మణ్యం రాశాడు. మన తీరం గురించి డచ్చి చదివి రాసినవారి పేర్లు వరసగా చెప్పండి, తెలుగు పేరు కోసం ఎంతసేపు వెతుక్కోవాలో మీకే తెలుస్తుంది.

ఒక పాఠ్యప్రణాళికా సంఘం ముందు డచ్చి పఠన కోర్సు ప్రతిపాదన నేనే పెట్టాను. ఏ సంఘమో చెప్పను, అందులో ఉన్నవారిలో కొందరు ఇప్పుడు లేరు. “ఉద్యోగం ఎక్కడండీ?” అన్నారొకరు. “హాలండులో పాలకేంద్రంలో” అన్నారింకొకరు. నవ్వులయ్యాయి, మిర్చిబజ్జీలు వచ్చాయి, అంశం వాయిదా పడింది. వాయిదా ఇంకా నడుస్తోంది.

ఉద్యోగం మాట ఎత్తారు కనక చెప్తాను. బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల జర్మన్ నేర్పే బోర్డులు చూడండి. నర్సింగు చదివిన ఆడపిల్లలు బి-1, బి-2 అంటూ రాత్రిపూట చదువుకుంటున్నారు. ఆ పిల్లల్ని నేను ఒక్క మాట అనను. పరాయి భాషలో రోగికి ధైర్యం చెప్పగలిగే స్థాయికి ఏడాదిన్నరలో చేరుతున్నారు, మన ఎమ్మేలకు అది చేతకాదు. నా ఫిర్యాదు విశ్వవిద్యాలయం మీద. వీసాకు కావలసిన భాషను వీధిలోని సంస్థ చక్కగా నేర్పుతున్నప్పుడు విశ్వవిద్యాలయం కూడా అదే వీసా వరసలో నిలబడటం దేనికి? వీధిలో ఎవరూ నేర్పనిది నేర్పడానికే కదా దానికి ప్రభుత్వం జీతాలిచ్చేది.

ఈ ఊరికి ఒకప్పుడు రష్యన్ కూడా వచ్చి పోయింది. ఏలూరు రోడ్డు విశాలాంధ్రలో ప్రగతి, రాదుగ పుస్తకాలు కారుచవగ్గా దొరికిన రోజులు మా తరానికి బాగా గుర్తు. ఉప్పల లక్ష్మణరావు, నిడమర్తి ఉమారాజేశ్వరరావు వంటివారు మాస్కోలో ఉండి చేసిన అనువాదాలు తెనాలి, గుడివాడల్లో పల్లెటూరి రైతుల అలమారాల్లోకి చేరాయి. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, పుస్తకాలు ఆగాయి, రష్యన్ క్లాసులు పల్చబడ్డాయి. ప్రభుత్వాలతోపాటు భాషల్నీ వదిలేసుకునే అలవాటు మనది. విదేశాంగ మంత్రిగా చేసిన పి.వి. నరసింహారావుగారు స్పానిష్ మాట్లాడేవారని ప్రతి సభలోనూ గర్వంగా చెప్పుకుంటాం. అది ఆయన సొంత కష్టం, మన శాఖలు పెట్టిన భిక్ష కాదు.

నిజానికి భాషలు నేర్వటం డెల్టావాడికి కొత్త కాదు. పదిహేడో శతాబ్దపు బందరులో దుబాసీ దర్బారు పారశీకం, రేవుల్లో చెలామణీ అయ్యే పోర్చుగీసు, నేతపేటల తెలుగు మధ్య రోజు గడుపుకునేవాడు. ఏలూరు నుంచి వెళ్లిన కావలి సోదరులు కైఫీయతులు సేకరించిన సర్వేయరు మెకంజీకి కళ్లూ చెవులూ అయ్యారు. వాళ్లకు ఏ విశ్వవిద్యాలయమూ లేదు.

బందరు డచ్చి సమాధుల దగ్గరికి ఎప్పుడైనా వెళ్లండి. నల్లరాతి పలకల మీద వంశ చిహ్నాలు, ఉబ్బెత్తున చెక్కిన అక్షరాలు, ఇప్పటికీ వేలితో తడిమి చదవొచ్చు. భట్టిప్రోలు తవ్విన అలెగ్జాండర్ రీ 1897లోనే ఈ సమాధులమీద ఒక గ్రంథం వేశాడు. 1864 ఉప్పెన సుమారు 30,000 మందిని మింగింది, ఊరి సొంత కాగితాలు ఎన్ని పోయాయో చెప్పలేం. మిగిలినవి పరాయివాడి కాగితాలే. 1824 సంధి ప్రకారం మరుసటేడు డచ్చివాళ్లు ఈ తీరం ఇంగ్లీషువాళ్లకు అప్పగించి వెళ్లిపోయారు. అప్పటినుంచి ఆ కాగితాలు మనకోసం ఎదురుచూస్తున్నాయని కవిత్వం చెప్పను. అవి హాయిగా, చల్లని గదుల్లో, ఇతరులు చదువుకుంటూ ఉండగా ఉన్నాయి.

అందువల్ల ఈ సభను కోరేది ఇది. బందరులో రెండేళ్ల డచ్చి పఠన కోర్సు ఒకటి పెట్టాలి. మాట్లాడటం తర్వాత, పాత చేవ్రాత చదవటం ముందు. 2000 తర్వాత కొన్నేళ్లు లైడెన్‌వారు ఆసియా విద్యార్థులకు ఆ పద్ధతిలోనే ముందు భాష, ఆ వెనక పరిశోధన నేర్పారు, కనక దారి తెలియనిది కాదు. ఏటా అయిదుగురు విద్యార్థులు చాలు. కానీ వాళ్లు అంతర్జాతీయ సంబంధాలు, చరిత్ర, తెలుగు మూడు శాఖలనుంచీ రావాలి. మొదటి జట్టు చేతిలో హావర్ట్ గోల్కొండ భాగాన్ని పెట్టి, ఊళ్ల పేర్లకూ మనుషుల పేర్లకూ వివరణలతో తెలుగు చేయించాలి. తీర్మానం ప్రతి నేను రాసి తెచ్చాను, ద్వారం దగ్గర బల్ల మీద ఉంది. రేపు మధ్యాహ్నం తీర్మానాల సమావేశానికి రైలు టైమైందని లేచిపోకుండా, సంతకం పెట్టి మరీ వెళ్లండి.