కరగు మంచు – కదలు పొలిమేర

(పఠనమందిర సభలో గావించిన ఉపన్యాసపాఠము)



గోదావరి లంకలలో ఏఱు దారి మార్చినప్పుడు హద్దు తగవులు పుట్టుట మనమెఱుగనిది కాదు. నీటిని నమ్మి వేసిన హద్దు నిలువదు. మంచు కూడ నీరే. భూమి వేడెక్కి హిమానీనదములు కరగుచున్న యీ కాలమున రాజ్యముల పొలిమేరలకును లంకభూముల గతియే పట్టినది.

ఐరోపాను చూడుడు. ఆల్ప్సు పర్వతములలో ఇటలీ, స్విట్జర్లాండుల సరిహద్దు నీరు ఇరువైపులకు పారు శిఖరరేఖను బట్టి ఏర్పడినది. పెక్కు చోట్ల ఆ రేఖ మంచుమీదనే కలదు. 2022, 2023 సంవత్సరములలోనే స్విట్జర్లాండు మంచులో పదింట నొకవంతు కరగిపోయెను. దానితో రేఖయు జరిగెను. మాటర్‌హార్న్ శిఖర ప్రాంతమున 1984లో ఇటలీ నేలపై కట్టిన కొండసత్రము కాలక్రమమున మూడింట రెండువంతులు స్విట్జర్లాండు వైపున తేలెను. అందులకై ఎవ్వరును తుపాకి పట్టలేదు. ఉభయుల సర్వే యధికారులు కలిసి కొలిచిరి. 2023లో ఒడంబడిక కుదిరెను. 2024 సెప్టెంబరులో స్విట్జర్లాండు ప్రభుత్వము దాని నామోదించెను.

ఇక మన యుత్తరపు గడపను చూతము. 1949 నాటి కరాచీ ఒడంబడిక కాల్పుల విరమణరేఖను ఎన్.జె. 9842 అను గుర్తువఱకు గీచి, ఆపైన ఉత్తరముగా హిమానీనదముల వఱకని చెప్పి విడిచిపెట్టెను. ఆ సందిగ్ధము నుండియే సియాచెన్ వివాదము పుట్టినది. 1984 ఏప్రిల్ 13న మన సేనలు ఆ శిఖరముల నధిష్ఠించినవి. 2003లో తుపాకులు మౌనము వహించినవి, మంచు వహింపలేదు. 2012లో గ్యారీ వద్ద హిమపాతము 140 మంది పాకిస్తానీయులను బలిగొనెను. 2016లో మన సైనికులు పదుగురు మంచుపెళ్లలకు బలియైరి. అందొకడు కర్నూలు జిల్లా బిడ్డ.

ఆ మంచే నుబ్రా, ష్యోక్ నదులై సింధువున కలియుచున్నది. 1960 నాటి సంధి నదులను పంచెనే గాని, నదులకు తల్లియైన మంచు తఱిగిననాడు ఏమి చేయవలయునో చెప్పలేదు. పహల్గాం హత్యాకాండ పిమ్మట, 2025 ఏప్రిల్ 23న, మన ప్రభుత్వము ఆ సంధిని నిలిపివైచెను.

సేనలను మరల్చుటకు ముందు వారు నిలిచిన స్థానములను పటముపై ఉభయులును ధ్రువపఱుపవలయునని మన ప్రభుత్వము చిరకాలముగ కోరుచున్నది. ఆ కోరిక న్యాయమైనదని మేమును విశ్వసించుచున్నాము. కాని గీత తేలువఱకు మంచు వేచియుండదు. హద్దు తగవు తీరకున్నను ఇరుగుపొరుగు రైతులు ఉమ్మడి చెఱువు గట్టును కలిసియే కాచుకొందురు. అట్లే మంచు తఱుగుదలను ఇరుదేశములును కలిసి కొలుచుటకు, వరద రాకను ఒకరికొకరు తెలుపుకొనుటకు ఏ పౌరుషమును అడ్డురాదు. ఏఱెండిన పిదప గట్టు గెలిచిన వానికి మిగులునదేమి?